వెనక మూత లోపలి గీతలు

గ్రీనిచ్ కొండ మీది పాత అబ్జర్వేటరీలో జాన్ హారిసన్ చేసిన సముద్ర గడియారాలు నాలుగున్నాయి. మూడు నడుస్తున్నాయి, నాలుగోది ఆగి ఉంది. లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి ఓ శనివారం నన్నక్కడికి తీసుకెళ్లింది. "మీకు రాణిగారి కోటకన్నా ఇదే బాగుంటుంది నాన్నా" అంది. నిజమే. నడిచే మూడింటి దగ్గర జనం మూగి ఉన్నారు. ఇత్తడి చేతులు ఎదురెదురుగా ఊగుతుంటే ఎవరికైనా చూడబుద్ధేస్తుంది. నేను మాత్రం నాలుగోదాని ముందు నిలబడిపోయాను. 13 సెంటీమీటర్ల వెడల్పున్న వెండి వాచీ. తెల్లటి డయలు, కదలని ముళ్లు. తొమ్మిదేళ్ల మనవరాలు నా చెయ్యి లాగి, "తాతయ్యా, పాడైపోయిందా? నువ్వు బాగుచెయ్యొచ్చుగా" అంది.

పాడవలేదమ్మా, నడిపితే పాడవుతుందని ఆపి ఉంచారు అన్నాను. పిల్ల నమ్మలేదు. వాచీ ఉన్నది నడవడానికి కదా అని దాని వాదన. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇంటికొచ్చాక ఇలా రాస్తున్నాను.

నేను వాచీ మెకానిక్‌ని. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఆరడుగుల వెడల్పు కొట్టు, గాజు పెట్టె, దాని వెనక ఒక స్టూలు. నాన్నగారు పెట్టిన కొట్టు. ఆ స్టూలు మీద నలభై రెండేళ్లు కూచున్నాను. ఇన్నేళ్లలో నేను చేసిందాంట్లో నూటికి తొంభై వంతులు సర్వీసింగే: విప్పడం, కడగడం, నూనె పెట్టడం, బిగించడం. ఇంతేనా అంటారు. ఇంతే. కానీ ఆ 'నూనె' అన్న మాట దగ్గరే వాచీ ఆయుష్షంతా ఉంది.

పాతకాలపు కీ వాచీలో బ్యాలెన్స్ చక్రం గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. రోజుకి 4,32,000. ఏడాదికి పదిహేను కోట్లు దాటుతుంది. ఆ చక్రం ఇరుసు కొస మిల్లీమీటరులో పదో వంతు మందం. అది రాతి గుంటలో తిరుగుతుంది, గుంటలో రవ్వంత నూనె. బొట్టు అనడానికి కూడా లేదు, సూది మొనకి అంటినంత. ఆ నూనె ఎండి జిగురై, అందులో దుమ్ము కలిసిందంటే అది ఇక నూనె కాదు, సానపట్టే పొడి. అప్పుడు కూడా వాచీ ఆగదు. ఆగితే బాగుండును, జనం పట్టుకొస్తారు. ఆగకుండా అరుగుతూనే నడుస్తుంది. "ఆగిన వాచీతో భయం లేదురా, కడగకుండా పదేళ్లు నడిచిందానితోనే భయం" అనేవారు నాన్నగారు.

సర్వీసింగ్ అయ్యాక వెనక మూత బిగించేముందు మూత లోపల సూదితో ఒక గుర్తు గీయడం మా వృత్తిలో ఆనవాయితీ. తేదీ, రెండక్షరాలు, లేకపోతే తనకి మాత్రమే తెలిసే ఒక చుక్కా గీతా. మాకు స్విస్ వాచీలొచ్చేవి, ఇంగ్లండు జేబు వాచీలొచ్చేవి, అన్నింట్లోనూ ఈ గీతలే. డయలు మీద చేసినవాడి పేరు, మూత లోపల బాగుచేసినవాళ్ల పేర్లు. కొనుక్కున్నవాళ్లకి ఆ మూత లోపల ఏముంటుందో తెలియనే తెలియదు.

పని నేర్చుకుంటున్న రోజుల్లో ఓ ప్లీడరుగారి తాతల నాటి జేబు వాచీ వచ్చింది. నా ఉత్సాహం కొద్దీ వెనక మూతని లోపలా బయటా బ్రాసోతో తోమేశాను. అద్దంలా మెరిసింది. నాన్నగారు మూత ఐగ్లాసు కిందపెట్టి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆ వాచీ ఎప్పుడెప్పుడు ఎవరి చేతుల్లో పడిందో అందులో రాసుంది. నువ్వు తుడిచేశావు." కొట్టినా అంత గుర్తుండేది కాదు.

ఇక గ్రీనిచ్ సంగతి. జాన్ హారిసన్ 1693లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. వృత్తికి వడ్రంగి. ఆయన నూనెని నమ్మలేదు. ఆ కాలపు గడియారాల నూనె త్వరగా చిక్కబడేది, చలికి గడ్డకట్టేది. అందుకని లిగ్నమ్ వైటీ అనే చేవకర్రతో ఇరుసులకి ఆసరాలు చేశాడు. ఆ కర్ర తన జిడ్డుని తనే ఊరించుకుంటుంది, బయటి నూనె అక్కర్లేదు. 1722 ప్రాంతంలో బ్రాకిల్స్‌బీ పార్క్‌లో గుర్రపుశాల మీద ఆయన పెట్టిన గడియారం ఇప్పటికీ నూనె లేకుండా నడుస్తోంది. గ్రీనిచ్‌లో మొదటి మూడు గడియారాలదీ అదే దారి. మొదటిదానిలో కర్ర చక్రాలు, మూడింట్లోనూ రాపిడిని తప్పించే రోలర్లు. 34 కిలోల మొదటిది ఒక చిన్న బీరువాలా ఉంటుంది. మూడోదానిలో 753 భాగాలు, దానికాయన 19 ఏళ్లు ధారపోశాడు.

తర్వాత తన మాటకి తనే ఎదురు తిరిగాడు. నాలుగోది పెద్ద యంత్రం కాదు, వాచీ. 1759లో పూర్తయింది. కెంపు రాళ్ల గుంటలు, వజ్రపు పాలెట్లు (చక్రం పళ్లని ఆపి వదిలే ముక్కలు), వాటితోపాటు నూనె. 1761లో ఓడెక్కి జమైకా వెళ్లింది. 81 రోజులకి 5 సెకన్లు వెనకబడింది. సముద్రం మీద రేఖాంశం (ఓడలో గడియారం తప్పకపోతే అది లెక్కకట్టొచ్చు) కనిపెట్టే దారి చూపినవాడికి ఇస్తామని 1714లో బ్రిటిష్ పార్లమెంటు ప్రకటించిన 20,000 పౌన్ల బహుమానానికి అది అర్హతే. కానీ నూనె ఉన్నచోట అరుగుదల ఉంటుంది. అరిగిన ముక్కని మారిస్తే కొత్తది హారిసన్ చేసిన ముక్క కాదు. గ్రీనిచ్ వాళ్లు దాన్ని ఆపి ఉంచింది అందుకే. మా మనవరాలికి చెప్పాల్సిన జవాబు ఇది.

హారిసన్ కథ చెప్పేవాళ్లంతా ఆయన మీద జాలిపడతారు. బహుమానం ఎగ్గొట్టడానికి, దాన్ని తేల్చాల్సిన రేఖాంశ మండలివాళ్లు ముసలాయన్ని సతాయించారంటారు. సతాయించిన మాట నిజమే. కానీ వాళ్లు అడిగిన ఒక షరతు మాత్రం నా దృష్టిలో సబబే. 1765 ఆగస్టులో లండన్ రెడ్ లయన్ స్క్వేర్‌లో ఆయన ఇంట్లోనే ఆరుగురి ఎదుట ఆ వాచీని విప్పించి, ప్రతి ముక్కా ఏం చేస్తుందో చెప్పించారు. ఆయన గింజుకుంటూ చెప్పాడు. నేను ఆ ఆరుగురిలో ఉండి ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. చేసినవాడికి తప్ప ఇంకొకడికి అర్థంకాని వాచీ, చేసినవాడితోనే పోతుంది. ఆ ఆరుగురిలో ఒకడైన లార్కమ్ కెండాల్ దాన్ని చూసి ఇంకోటి చేశాడు, 1769కి పూర్తయింది. కెప్టెన్ కుక్ తన రెండో యాత్రలో, 1772 నుంచి 75 దాకా, వెంట తీసుకెళ్లింది ఆ నకలునే. హారిసన్ పని నిలిచిందని రుజువైంది ఆ నకలు ఓడ మీద సరిగ్గా నడిచినప్పుడే అంటాను.

హారిసన్‌కి అర్థమయ్యేలా రాయడం చేతకాదు. 1775లో తన పద్ధతుల గురించి ఒక పుస్తకం అచ్చేయించాడు. దాన్ని చదివి అర్థం చేసుకోవడం పండితులకే కష్టమైంది. మరుసటేడాది పోయాడు.

ఆయన బతికుండగానే 1766లో రాజఖగోళవేత్త మాస్కలిన్ వచ్చి మొదటి మూడు యంత్రాలనీ గ్రీనిచ్‌కి తరలించాడు. మోసేవాళ్ల చేతిలోంచి మొదటిది జారి పడింది. ఆ తర్వాత నూట యాభై ఏళ్లు! చెమ్మలో, మురికిలో, చిలుము పట్టి పడున్నాయి. ప్రపంచంలో ఓడలన్నీ క్రోనోమీటర్లు అనే కచ్చితమైన గడియారాలు పెట్టుకుని తిరుగుతున్నాయి, వాటికి తాతల్లాంటివి ఓ మూల పడున్నాయి.

1920లో వాటి ముందుకి ఒక మనిషి వచ్చాడు. రూపర్ట్ గూల్డ్. నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండర్. 1914లో యుద్ధం మొదలైనప్పుడు మనసు చెదిరి ఓడ దిగినవాడు. వాచీ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. లాక్ నెస్ రాక్షసి మీద పుస్తకం రాసిన మనిషి కూడా ఈయనే, అంటే ఏ విచిత్రం కనిపించినా వదలడన్నమాట. క్రోనోమీటర్ల చరిత్ర రాద్దామని వచ్చి ఈ నాలుగింటినీ చూశాడు. నేను శుభ్రం చేస్తానని అనుమతి అడిగాడు, ఇచ్చారు. జీతం లేదు. ఆ పనికి 13 ఏళ్లు పట్టింది. మూడోదానికే ఏడేళ్లు.

ఆ ఏడేళ్లేమిటో మాకు అర్థమవుతుంది. మామూలు వాచీ వస్తే లోపల ఏముందో విప్పకముందే తెలుసు, ఇంతకుముందు వంద చూశాం కాబట్టి. ఆ మూడో యంత్రం లాంటిది లోకంలో ఇంకోటి లేదు. మరను విప్పేముందు ఆ మర అక్కడెందుకుందో ఆలోచించాలి. ముక్క విరిగి ఉంటే అది విరగకముందు ఎలా ఉండేదో ఊహించాలి. చేసినవాడు పోయి దాదాపు నూట యాభై ఏళ్లు, రాసింది అర్థం కాదు. గూల్డ్ చేసిన తెలివైన పనేమిటంటే, విప్పిన ప్రతిదీ నోటు పుస్తకంలో రాసుకున్నాడు, బొమ్మలు గీసుకున్నాడు. అలా 18 నోటు పుస్తకాలయ్యాయి. మధ్యలో కాపురం చెడిపోయింది. 1933 ఫిబ్రవరికి మొదటి యంత్రం మళ్లీ ఊగింది. నేను చూసినప్పుడు జనం మూగి ఉన్నది ఆ ఊపు చుట్టూనే. పెట్టె మీద పేరు హారిసన్‌ది. గూల్డ్ అన్న మాట మా అమ్మాయి ఎన్నడూ వినలేదు. ఆవిడ తప్పేముంది, వాచీ బాగుచేసినవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది?

ఆ నోటు పుస్తకాల గురించి వింటే నాన్నగారి లావుపాటి లెడ్జరు గుర్తొచ్చింది. వాచీ పేరు, కేసు మీది నంబరు, ఏం మార్చారు, ఎంత తీసుకున్నారు. ఆ అలవాటుకి మా వృత్తిలో గురుస్థానం ప్యారిస్ బ్రెగేది. అబ్రహాం లూయీ బ్రెగే 1775లో కొట్టు తెరిచాడు. ఎవరికి అమ్మారో, ఏ ధరకో నంబరు వారీగా రాసి పెట్టారు. రిపేరుకొచ్చినవాటికి వేరే పుస్తకాలు. ఆయన 1823లో పోయినా పుస్తకాలు పోలేదు. ఇవాళ ఎవరైనా అటకమీంచి ఒక బ్రెగే తీసి నంబరు చెబితే, అది అసలుదో నకిలీదో చెప్పేది ఆ పుస్తకాలే.

అందులో 160వ నంబరు వాచీ కథ విచిత్రమైనది. 1783లో మేరీ ఆంట్వానెట్ రాణి కోసమని ఎవరో పురమాయించారు. ఖర్చుకి లెక్కలేదు, గడువు లేదు, ఆ కాలానికి తెలిసిన హంగులన్నీ ఉండాలి. 823 భాగాలు. 1793లో రాణి తల తెగింది. పని ఆగుతూ సాగుతూ 1827లో ముగిసింది, బ్రెగే పోయిన నాలుగేళ్లకి. ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. నాకు నచ్చేది తర్వాతది. 1838లో గ్రోయ్ మార్క్విస్ అనే ఆయన, చిన్నప్పుడు రాణిగారి కొలువులో పని చేసినవాడు, ఆ వాచీని రిపేరుకని బ్రెగే కొట్టులో ఇచ్చాడు. మళ్లీ రాలేదు. వారసులు లేకుండా పోయాడు. 1887 దాకా, అంటే 49 ఏళ్లు, అది కొట్టులోనే ఉండిపోయింది. ఆ తర్వాతే ఇంకొకరికి అమ్మారు. అది 1983లో జెరూసలేం మ్యూజియంలో దొంగతనమైపోయి 2006లో తిరిగి దొరకడం వేరే సినిమా.

మా కొట్టులో కింది సొరుగు నిండా అలాంటివే. రిపేరుకిచ్చి తీసుకెళ్లనివి 31 ఉన్నాయి. ఒకటి 1979 నాటిది. ఇచ్చినాయన అప్పటికే ముసలాయన. ఎవరైనా వస్తారని నాన్నగారు అమ్మలేదు, నేనూ అమ్మలేదు. 49 ఏళ్ల లెక్క విన్నాక సిగ్గు కాస్త తగ్గింది.

ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దంలో జార్జ్ డేనియల్స్ అని ఒకాయన ఉండేవాడు. 1926లో పుట్టాడు, 2011లో పోయాడు. రిపేర్లు చేస్తూ బ్రెగే వాచీలు విప్పి విప్పి, చివరికి తనే వాచీ చెయ్యడం మొదలుపెట్టాడు. కేసు, డయలు, ముళ్లు, మరలు, అన్నీ ఒక్క మనిషి చేతి పనే. 1969లో మొదటిది తయారైంది. అప్పటికే క్వార్ట్జ్ వచ్చేస్తోంది, ఆ డిసెంబరులోనే సీకో ఆస్ట్రాన్ దిగింది. పాత వాచీ చచ్చిపోయిందని లోకమంతా అంటున్నప్పుడు ఈయన కూచుని, పాలెట్లు జారకుండా తోసే కొత్త ఎస్కేప్‌మెంటు, అంటే చక్రాలని లెక్కగా ఆపి వదిలే ఏర్పాటు, కనిపెట్టాడు. ఎందుకు? నూనె కోసమే. రాపిడి తగ్గితే నూనె చెడినా సమయం చెడదు. హారిసన్ కర్రతో చేసింది ఈయన రేఖాగణితంతో చేశాడు. కో యాక్సియల్ అనే ఆ ఎస్కేప్‌మెంటుని 1999 నుంచి ఒమేగా తన వాచీల్లో వాడుతోంది.

దానికన్నా పెద్ద పని 1981లో చేశాడు. వాచీ ఎలా చెయ్యాలో మొదటి నుంచి చివరిదాకా ఒక పుస్తకం రాశాడు. దాచుకోవడానికి ఏమీ మిగల్చలేదు. రోజర్ స్మిత్ అనే కుర్రాడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఒక జేబు వాచీ చేసి పట్టుకెళ్లాడు. చూడగానే చేత్తో చేసినట్టు తెలిసిపోతోంది, పొమ్మన్నాడు డేనియల్స్. చేసినట్టు కనపడకూడదు, పుట్టినట్టు కనపడాలని ఆయన లెక్క. కుర్రాడు వెనక్కెళ్లి రెండోది మొదలుపెట్టాడు. ముక్కలు చేసి, పారేసి, మళ్లీ చేసి, ఐదేళ్లు. ఈసారి డేనియల్స్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత స్మిత్ ఆయనతో పని చెయ్యడానికి ఆయన ఉండే ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి మకాం మార్చాడు. డేనియల్స్ లేకపోయినా ఆయన పద్ధతి తెలిసిన చేతులు ఆ దీవిలో ఉన్నాయి.

వాచీలు చేసే ఇంకొకాయన, డెరెక్ ప్రాట్ సంగతి ఇంకా చిత్రం. ఆయన చేస్తున్న కోడిగుడ్డు ఆకారపు జేబు వాచీ ఏళ్ల తరబడి పూర్తికాలేదు. చివరికి ఫిన్లాండ్ మనిషి కారీ వూటిలైనెన్ 2005లో పూర్తిచేశాడు. ప్రాట్ మొదలుపెట్టిన ఇంకో పని, గ్రీనిచ్‌లో ఆగి ఉన్న ఆ నాలుగో వాచీని అచ్చంగా అలాగే మళ్లీ చెయ్యడం. అదీ సగంలో ఉండగా జబ్బుపడి 2009లో పోయాడు. లండన్‌లో ఫ్రాడ్‌షామ్ అనే గడియారాల కంపెనీ వాళ్లు దాన్ని ముగించారు. అసలుదాన్ని నడపకూడదు సరే, నకలుని నడపొచ్చు కదా. 1769లో కెండాల్ చేసిన పనే ఇదీ.

ఇదంతా చెప్పి, నన్నెవరైనా అడిగితే ఒక మాట చెబుతాను. ఒంటరిగా ఒక మనిషి చేసిన వాచీ కొంటే, ఆయన పోయాక దిక్కెవరని అందరికీ భయం. నా అనుభవం దానికి తిరగేసి ఉంది. అలాంటి వాచీకి విడి భాగాల డబ్బా ఎప్పుడూ లేదు. మొదటి ముక్కనీ లేత్ మీద చేత్తోనే తిప్పాడు. కాబట్టి రెండో ముక్కనీ ఇంకో చెయ్యి తిప్పగలదు, కొలతలుంటే చాలు. దిక్కులేనిదయ్యేది ఫ్యాక్టరీ వాచీ. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీ మాకు అన్నం పెట్టింది. వాళ్ల జనతా వాచీ విప్పాలంటే నాకు కళ్లు అక్కర్లేదు. 2016 జనవరిలో కేంద్రం ఆ వాచీ కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. అప్పట్నుంచి ఒక జనతా బతకాలంటే ఇంకో జనతా చావాలి. స్టాఫు, అంటే బ్యాలెన్స్ చక్రం ఇరుసు, దీన్లోంచి, హెయిర్ స్ప్రింగ్ దాన్లోంచి. పాత వాచీలు గంపగుత్తగా కొని సీసాల్లో విడగొట్టి పెట్టుకున్నాను. అవి అయిపోతే అయిపోయినట్టే. ఓపికుంటే స్టాఫు నేను తిప్పగలను, కానీ రెండొందల రూపాయల రిపేరుకి రెండు రోజుల కూలి ఎవరిస్తారు? పనితనం లేక పోతున్న వాచీల కన్నా లెక్క గిట్టక పోతున్నవే ఎక్కువ.

ఇప్పుడొస్తున్న సిలికాన్ ముక్కల మీద మాత్రం నాకు అనుమానమే. 2001లో యులిస్ నార్డిన్ 'ఫ్రీక్' వాచీతో వచ్చిన పద్ధతి. నూనె అక్కర్లేదు, అరగదు, అయస్కాంతానికి లొంగదు. హారిసన్ చూస్తే ఎగిరి గంతేసేవాడు. కానీ అది విరిగితే లేత్ మీద తిప్పే వస్తువు కాదు, చిప్పులు చేసే ఫ్యాక్టరీ లాంటి చోటే పుట్టాలి. వందేళ్ల తర్వాత ఒక గూల్డ్ వచ్చి దాన్ని విప్పితే, ఎన్ని నోటు పుస్తకాలు రాసుకున్నా ఆ ముక్కని చెయ్యగలడా? నేను చెయ్యలేను.

మీ ఇంట్లో తాతగారిదో నాన్నగారిదో కీ వాచీ ఉంటే ఈసారి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు వెనక మూత తీసి చూపించమని మెకానిక్‌ని అడగండి. ఐగ్లాసు ఇస్తాడు. వెలుతురుకి కాస్త ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి గీతలు కనిపిస్తాయి, తేదీలతో. కాగితం మీద రాసుకోండి. కేసు బయట ఎంత పాలిష్ కావాలన్నా చేయించుకోండి గానీ, మూత లోపల మాత్రం తోమొద్దని చెప్పండి.